పడమటి మబ్బు కబురు

నెరిడా హానఫర్డ్ సముద్రపు ఒడ్డున, చెరుకు తోటల మధ్య పుట్టి పెరిగింది. ఇరవై దాటగానే పశువుల ఎస్టేటులో పిల్లలకు పాఠాలు చెప్పే పని దొరికి మా పడమటి మైదానాలకు వచ్చింది. ఒక ఏడాది ఉండి చూసి వెళ్ళిపోదామనుకున్న మనిషి, పక్క ఎస్టేటు కుర్రవాడు కోల్ హానఫర్డ్‌ను పెళ్ళాడి ఇక్కడే ఉండిపోయింది. అప్పటికే నేను కర్రాబీన్‌లో పోస్టాఫీసు చూసుకుంటున్నాను. కర్రాబీన్ అంటే ఒక పబ్బు, ఒక టెన్నిస్ మైదానం, ఒక ఊరి హాలు, నా పోస్టాఫీసు, చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన ఇళ్ళు. టపా కోసం శుక్రవారాలు వచ్చినప్పుడు నెరిడా నా వంటింట్లో కూర్చుని టీ తాగి వెళ్ళేది. అలా మాకు స్నేహం కుదిరింది.

ఆమె గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. కోల్ అందుకు పూర్తిగా తిరగేసిన రకం. పొద్దున్న లేచి ఎవరినో ఒకరిని ఆటపట్టించకపోతే అతనికి టీ దిగదు. మనిషి చెడ్డవాడు కాదు. నోరే అలాంటిది.

మా వైపు కరెంటు ఒంటి తీగ మీద వస్తుంది. మైళ్ళ తరబడి ఒకటే తీగ. పోవడానికి తీగ, తిరిగి రావడానికి నేల. అందుకే దానికి పూటకో బుద్ధి. తెల్లవారుజామున బల్బులు కళ్ళు చెదిరేలా వెలుగుతాయి. సాయంత్రం అందరూ కూలర్లు వేసుకునే వేళకి గుడ్డిదీపాలైపోతాయి. ఎవరింట్లోనైనా నీళ్ళ మోటారు వేస్తే మరొకరింట్లో దీపం తల వంచుతుంది. తీగ చివర ఉన్నవాళ్ళకు దక్కేది అడుగున మిగిలింది. హానఫర్డ్‌ల ఇల్లు దాదాపు చివరిది. వాళ్ళకు అవతల క్లారీ డ్వయర్ అనే ముసలాయన ఒక్కడే ఉండేవాడు.

అయితే ఏం, దీపం తల వంచితే ఎవరికి నష్టం? ఫ్రిజ్జు కాసేపు మూలిగి ఊరుకునేది. పిల్లల చదువు రేడియోలో నడిచేది. టీచరమ్మ ఎక్కడో పట్నంలో కూర్చుని పేర్లు పిలిస్తే, ఎస్టేటు ఎస్టేటు నుంచీ పిల్లలు రేడియోలో పలికేవాళ్ళు. తొంభైలు ముగిసే రోజుల్లో బడివాళ్ళు ఇక మీదట పాఠాలు కంప్యూటరులో వస్తాయని, రాసిన పని ఫోను తీగ మీద పంపాలని చెప్పి, ఇంటికొక కంప్యూటరు సర్దారు. అప్పుడు మొదలయ్యాయి మా తిప్పలు.

నెరిడాకు ఇద్దరు పిల్లలు, టామ్సిన్, రోరీ. కంప్యూటరును వాళ్ళ చదువుగదిలో, కిటికీ పక్కన పెట్టారు. మోటారు వేసినప్పుడల్లా దాని తెర మీద బొమ్మ నాలుగు పక్కల నుంచీ ముడుచుకుపోయేది. పిల్లలకు అదొక వింత. ఒక నవంబరు మధ్యాహ్నం దూరంగా ఎక్కడో మెరిసింది, తెర మీద తెల్ల గీత ఒకటి తళుక్కుమని ఆరిపోయింది, అంతే. పొగ కూడా లేదు. మాడిన వాసన మాత్రం రెండు రోజులు గదిని వదల్లేదు.

రెండో కంప్యూటరు వచ్చేసరికి నెరిడా జాగ్రత్తపడింది. కరెంటు తగ్గినా పెరిగినా సర్దుకుని కాసేపు తన బ్యాటరీతో నెట్టుకొచ్చే యూపీఎస్ పెట్టె ఒకటి తెప్పించింది. కరెంటు ఊగినప్పుడల్లా ఆ పెట్టె కీచుమనేది. మా కరెంటు ఊగని గంట ఏది? వాళ్ళ పెంపుడు చిలక, గులాబీ రంగు రొమ్ముతో ఉండే జాతిది, వారం తిరక్కుండా ఆ కీచుమనడం నేర్చేసింది. అది అరిస్తే పిల్లలు రాస్తున్నది ఆపి కంప్యూటరు కట్టేసేవాళ్ళు. పాఠం ఎగ్గొట్టాలనిపిస్తే రోరీ చిలకకు గింజలు పెట్టి అరిపించేవాడని తర్వాత బయటపడింది.

మబ్బు పట్టగానే గోడ నుంచి ప్లగ్గు పీకెయ్యడం నెరిడా అలవాటు చేసుకుంది. అయినా ఆ కంప్యూటరూ దక్కలేదు. ప్లగ్గు పీకేసి, చేతులు దులుపుకుని వరండాలో నిలబడి వాన కోసం చూస్తుంటే, లోపల టప్పుమని చప్పుడైంది. ఈసారి పిడుగు ఫోను తీగ వెంబడి వచ్చింది. ఫోను తీగకీ కంప్యూటరుకీ మధ్య ఉండే మోడెమ్ పగిలి, దానితోపాటు కంప్యూటరు లోపలిదంతా కాలిపోయింది. వాన మాత్రం చుక్క రాలలేదు.

కోల్ వచ్చి చూశాడు. “ముందు గుమ్మానికి తాళం మీద తాళం వేశావు, దొడ్డి తలుపు బార్లా తీసిపెట్టావు. పిడుగేమన్నా పిచ్చిదా?” అన్నాడు.

“దొడ్డి తలుపుందని నీకు ముందే తెలుసా?” అంది నెరిడా.

“తెలీదు.”

“అయితే ఇద్దరం ఇవాళే తెలుసుకున్నాం. అటు జరుగు, ఊడవాలి.”

తరువాత ఆమె తెలిసినవాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టింది. తీగలు చూసే అంగస్ అనే లైన్‌మన్ వచ్చినప్పుడు అతనికి ఉప్పు మాంసం, బంగాళాదుంపలు వండిపెట్టి, కూర్చోబెట్టి, ఒక్కొక్కటే విడమర్చి చెప్పించుకుంది. అతను చెప్పినదాన్లో ఆమె మనసులో బాగా నాటుకున్నది ఒకటి. ఇంటి పక్క స్తంభం అడుగున నేలలోకి దిగేసిన ఎర్తు కడ్డీలున్నాయి, కరెంటు తిరిగి వెళ్ళే దారి అదే. కరువులో నేల ఎండి బీటలు వారితే ఆ దారి మూసుకుపోతుంది, ఇంట్లో కరెంటుకు నిలకడ ఉండదు. కొత్త కడ్డీలు లోతుగా వెయ్యాలంటే వాన పడి నేల మెత్తబడాలి. అందాకా ఆ కడ్డీల చుట్టూ నేలకు తడి తగిలేలా చూసుకొమ్మన్నాడు. దగ్గరికి మాత్రం వెళ్ళొద్దని, చెయ్యి అసలే వెయ్యొద్దని, దూరం నుంచి గొట్టంతో పొయ్యమని మరీ మరీ చెప్పాడు.

ఆ ఏళ్ళలో మాకు గట్టి కరువు. నెరిడా పెరట్లో గులాబీలు ఒక్కొక్కటే కట్టెలైపోతున్నాయి. ఆమె గిన్నెలు కడిగిన నీళ్ళూ పిల్లలు స్నానం చేసిన నీళ్ళూ డ్రమ్ములో పోగుచేసి, పాత గొట్టం ఒకటి నేల మీదుగా పరిచి, స్తంభం అడుక్కి వదిలేది. ఈ సంగతి కోల్ పబ్బులో చెప్పాడు. చెప్పకుండా ఎలా ఉంటాడు? మా ఆవిడ గులాబీల్ని ఎండగట్టి ఇనప కడ్డీని పెంచుతోందన్నాడు. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు, “ఎప్పుడు పూస్తుందట నీ చెట్టు?” అని అడిగేవాడు. పూయకపోయినా ఫర్వాలేదు, బతికుంటే చాలు అనేది ఆమె, గొట్టం చుట్టుకుంటూ.

చుట్టుపక్కల కనుచూపు మేరంతా మట్టి రంగే. ఆ స్తంభం అడుగున మాత్రం చాపంత మేర పచ్చిక లేచింది. పొద్దున్నే ఒక చిన్న కంగారూ వచ్చి దాన్ని మేసి పోయేది. కరెంటు మరీ మారిపోలేదు గాని, సాయంత్రాలు బల్బు కొంచెం నిలబడింది. యూపీఎస్ కీచుమనడం తగ్గింది. చిలక మాత్రం మానలేదు.

మబ్బు కబురు ఆలోచన ఆ తర్వాతే వచ్చింది. ప్లగ్గులు పీకడం ఒక్కటే నమ్మదగ్గ మందు. కాని మెరుపులు మొదలయ్యాక పీకబోతే మనిషికే ప్రమాదం. ముందే పీకాలి. ముందే పీకాలంటే ముందే తెలియాలి. మా వైపు గాలివానలన్నీ పడమటి నుంచి తూర్పుకే నడుస్తాయి. మరి పడమటి చివర ఉన్నవాళ్ళు ముందు చూసి పక్కింటికి ఫోను చేస్తే, పక్కింటివాళ్ళు ఆ పక్కింటికి చేస్తే, మబ్బు కంటే కబురు ముందు నడుస్తుంది కదా అంది నెరిడా, ఒక శుక్రవారం నా వంటింట్లో. తీగ మీద ఉన్న ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఇళ్ళన్నిట్లోనూ బడి పిల్లలే, కాలిన కంప్యూటర్లే. అందరూ సరేనన్నారు. కబురు చివరికి నా పోస్టాఫీసుకు చేరాలనుకున్నాం. చిక్కల్లా మొదటి ఇంటితోనే.

మొదటి ఇల్లు క్లారీ డ్వయర్‌ది. అతని ఇల్లు చిన్న దిబ్బ మీద ఉంటుంది. వరండాలో కూర్చుంటే పడమటి ఆకాశం అంచుదాకా కనిపిస్తుంది. పెళ్ళాం పిల్లలు లేరు. కంప్యూటరు లేదు సరికదా, టీవీ కూడా లేదు. పైగా అతనికీ కోల్‌కీ మాటల్లేవు. ఎప్పుడో కోల్ ఆంబోతు కంచె దాటి క్లారీ ఆవుల్లో పడింది. కంచె ఎవరు బాగుచెయ్యాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పటి నుంచీ పబ్బులో ఎదురుపడితే ఒకరు గోడకేసి, ఒకరు గుమ్మంకేసి చూసేవాళ్ళు.

నెరిడా ఎండు ద్రాక్ష కేకు ఒకటి చేసి పట్టుకుని, ఒక్కతే బండి తోలుకుంటూ క్లారీ ఇంటికి వెళ్ళింది. విషయం చెప్పింది.

“నా ఇంట్లో పిడుగు పడి పాడయ్యేది టీ కెటిలొక్కటే. అదీ సొట్టది,” అన్నాడు క్లారీ.

“నీ కెటిలు కోసం రాలేదు క్లారీ. నీ వరండా కోసం వచ్చాను.”

“వాడు పంపాడా నిన్ను?”

“పంపలేదు. వస్తున్నట్టు తెలుసు.”

“తెలిసి ఏమన్నాడు?”

“కేకు దండగ అన్నాడు.”

క్లారీ నవ్వాడట. “దండగో కాదో తిని చెప్తాలే పిల్లా. ఫోను నంబరు ఆ గోడ మీద రాసి పో.”

ఆ ఏడాది వానల కాలం రాగానే కబురు నడిచింది. క్లారీ నుంచి నెరిడాకు, నెరిడా నుంచి తర్వాతి ఇంటికి, అలా నాదాకా. ఫోనులో రెండే మాటలు: మబ్బొచ్చింది, పీకెయ్యండి. కరెంటు ప్లగ్గూ ఫోను ప్లగ్గూ రెండూ పీకేసి, వాన వెలిశాక మళ్ళీ పెట్టుకునేవాళ్ళం. ఆ కాలమంతా తీగ మీద ఒక్క కంప్యూటరు కూడా కాలలేదు.

అయితే క్లారీ ఫోన్లు రాను రాను ఎక్కువయ్యాయి. గోరంత మబ్బుకి ఒకటి, మబ్బు అనుకున్న దుమ్ముకి ఒకటి. కొన్నిసార్లు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉన్నా ఫోను వచ్చేది. ఆడవాళ్ళు విసుక్కున్నారు. రొట్టె పిండి కలుపుతూ ఎన్నిసార్లని చెయ్యి కడుక్కుని వెళ్ళి పీకుతాం అన్నారు. కాకి ఎగిరినా ఫోను చేస్తాడు ఆ ముసలాడు అన్నాడు కోల్. నెరిడా ఎవరికీ ఎదురు చెప్పలేదు. క్లారీ ఫోన్లన్నీ తను తీసుకుంటానని, వాటిలో నిజమైన మబ్బులనే ముందుకు పంపుతానని అంది. ఆ తర్వాత క్లారీ రోజూ పొద్దున్న ఫోను చేసేవాడు. ఆమె ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గిన్నెలు కడుగుతూ, అతని ఆవుల సంగతీ మోకాళ్ళ సంగతీ గాలిమర చప్పుడు సంగతీ వినేది. చివర్లో అడిగేది, “మరి మబ్బేమైనా ఉందా?” ఒక్కోసారి అతనికి ఆ మాటే గుర్తుండేది కాదట.

అలా రెండు మూడు వానకాలాలు గడిచాయి. ఆ తర్వాతి నవంబరులో జరిగింది ఇప్పుడు చెప్పబోయేది.

ఊళ్ళు తిరిగే పళ్ళ డాక్టరు ఆ రోజు కర్రాబీన్ హాల్లో ఉన్నాడు. నెరిడా పిల్లలిద్దర్నీ తీసుకొచ్చింది. తను ఇంట్లో ఉండదు కాబట్టి, మబ్బు కనిపిస్తే నేరుగా పోస్టాఫీసుకే ఫోను చెయ్యమని ముందు రోజే క్లారీకి చెప్పి ఉంచింది. ఎండ మండిపోతోంది. పిల్లలు వాచిన దవడలతో నా వెనక గదిలో పాచికలాట ఆడుకుంటున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను బయటికి వచ్చి చూస్తే, పడమటి దిక్కున నల్లటి గోడ లేచి ఉంది. దాని అంచు సీసం రంగులో మెరుస్తోంది.

“క్లారీ ఫోను చేశాడా?” అని అడిగింది నెరిడా నా వెనకే వచ్చి.

లేదన్నాను. ఆమె లోపలికి వెళ్ళి క్లారీ నంబరు తిప్పింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. పబ్బు నుంచి వచ్చిన ఒకతను, అటువైపు పిడుగు పడి ఫోను తీగ పోయుంటుందిలే అన్నాడు. నెరిడా ఫోను పెట్టేసి బండి తాళాలు తీసుకుంది.

“కాదు,” అంది నాతో. “గోరంత ఉన్నప్పుడే చేసే మనిషి. అది కొండంత అయ్యేదాకా ఊరుకోడు. తీగ పోవడానికి ముందే చెయ్యాల్సింది. పొద్దున్న కూడా చెయ్యలేదేమో, నేను బయల్దేరే హడావిడిలో పట్టించుకోలేదు.”

మాది నల్లరేగడి నేల. వాన పడ్డాక ఆ దారిలో బండి చక్రం కదలదు, మూడు రోజులైనా అంతే. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి, లేకపోతే లేదు. పిల్లల్ని నా దగ్గర ఉంచుకొమ్మంది. మిగతా ఇళ్ళకు కబురు నువ్వే చెప్పు అంది. నేను ఫోను దగ్గర కూర్చుని, ఇంటి తర్వాత ఇంటికి చేస్తుండగా, ఆమె బండి దుమ్ము లేపుకుంటూ ఆ నల్లగోడ వైపే పోయింది.

ఇక్కడి నుంచి వాళ్ళు చెప్పగా విన్నది. క్లారీ ఇంటికి వెళ్ళే దారి హానఫర్డ్‌ల గేటు ముందు నుంచే పోతుంది. గేటు నుంచి వాళ్ళ ఇంటికి లోపలికి చాలా దూరం ఉంది. ఆ రోజు కోల్ గేటు దగ్గరే కంచె స్తంభాలు సరిచేస్తున్నాడు. ఆమె బండి ఆపి సంగతి చెప్పింది. కోల్ ముందు మబ్బుకేసి చూశాడు, తర్వాత ఇంటికేసి.

“నీ కంప్యూటరు ప్లగ్గులు?” అన్నాడు.

“పెట్టే ఉన్నాయి. పొద్దున్న పిల్లల పని పంపి అలాగే వచ్చేశాను.”

“నేను వెళ్ళి పీకేసి రానా?”

“వెళ్ళొచ్చేసరికి దారి ఉండదు. ఎక్కు.”

“వాడికేమీ అయ్యుండదు నెరిడా. వరండాలో గురకపెడుతుంటాడు.”

“అయితే లేపి, తిట్టి, వచ్చేద్దాం. ఎక్కు కోల్.”

అతను ఎక్కాడు. మందుల పెట్టె బండిలోనే ఉంది. మా వైపు ప్రతి ఎస్టేటులోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. దాన్లో ప్రతి మందుకీ నంబరుంటుంది. విమానంలో వచ్చే డాక్టరు ముందు ఫోన్లో నంబరు చెప్తే మనం తీసి ఇవ్వడమే. గాలి చల్లబడింది. దుమ్ము వాసనలో తడి వాసన కలిసింది.

వరండాలో క్లారీ లేడు. కుక్క నీళ్ళ ట్యాంకు దగ్గర నుంచి మొరిగింది. ఎత్తయిన స్టాండు మీద ట్యాంకు, దాని కింద నిచ్చెన పక్కన క్లారీ వెల్లకిలా పడున్నాడు. ఒక కాలు వికారంగా పక్కకి తిరిగి ఉంది. పొద్దున పడ్డాడు. ట్యాంకు నిండగానే నీళ్ళు ఆపే లోపలి బంతి ఇరుక్కుని నీళ్ళు పొర్లి చుక్కచుక్కగా కారుతుంటే, మోచేతుల మీద పాక్కుంటూ ఆ చుక్కల కిందికి చేరుకున్నాడు. చొక్కా చెయ్యి తడుపుకుని పీల్చుకుంటూ ఉన్నాడు. అదే అతన్ని నిలబెట్టింది. లేకపోతే ఆ ఎండకి ఆ వయసులో మనిషి మిగలడు.

నెరిడా మోకాళ్ళ మీద కూర్చుని అతని మొహం తుడిచింది. అతని మెడలో బైనాక్యులర్స్ వేలాడుతున్నాయి. ఒక అద్దం పగిలి ఉంది.

“మబ్బు చూడ్డానికి ఎక్కావా క్లారీ?” అంది.

“బంతి ఇరుక్కుంటే ఎక్కాను. మబ్బులు చూడ్డానికి నిచ్చెనలెక్కుతారా ఎవరైనా?”

“మరి మెడలో అదేంటి?”

“ట్యాంకులో కప్పల్ని లెక్కపెడదామని.”

ఆమె మొహం పక్కకి తిప్పుకుందని కోల్ చెప్పాడు.

కోల్ కొట్టం తలుపు ఒకటి పీక్కొచ్చాడు. క్లారీని దాని మీదికి జరిపి, ఇద్దరూ మెల్లగా వరండాలోకి మోశారు. మెరుపులు ఇంకా దూరంగానే ఉన్నాయి కాబట్టి నెరిడా గబగబా ఫోను చేసింది. తీగ బాగానే ఉంది. డాక్టరు నొప్పికి ఏ నంబరు మందు ఇవ్వాలో, కాలు ఎలా కట్టాలో చెప్పి, వాన పడితే మీ దగ్గర విమానం దిగడం కుదరదు, నేల ఆరేదాకా మీరే చూసుకోవాలి అన్నాడు. ఆమె ఫోను పెట్టేసి, దాని ప్లగ్గు పీకేసింది. కాసేపటికి పెద్ద గాలి లేచింది. ఆ వెంటనే వాన.

మూడేళ్ళ తర్వాత పడిన గట్టి వాన అది. రేకుల మీద చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడలేదట. పిడుగులు దిబ్బ చుట్టూ పడ్డాయి. నెరిడా క్లారీ తల దగ్గర కూర్చుంది. కోల్ కాళ్ళ దగ్గర కూర్చుని, కట్టు జారకుండా పట్టుకున్నాడు. వాన కాస్త నెమ్మదించాక క్లారీ కళ్ళు తెరిచి అతన్ని చూశాడు.

“నువ్వా,” అన్నాడు.

“నేనే.”

“కాలు పట్టుకున్నావేంటి?”

“ఇంకెలాగూ పట్టుకోనిచ్చేవాడివి కాదు కదా, అందుకని.”

క్లారీకి నవ్వొచ్చి, నవ్వితే నొప్పొచ్చి, బూతులు తిట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ గడ్డి గురించీ ఈ వానకి ఎంత మేత లేస్తుందన్న దాని గురించీ చాలాసేపు మాట్లాడుకున్నారు. పాత తగాదా మాట ఎవరూ ఎత్తలేదు. అది అలా మాట లేకుండానే పోయింది.

మర్నాడు ఎండ కాసింది. క్లారీ ఎస్టేటులో విమానం దిగే మైదానం రాళ్ళ నేల కావడంతో త్వరగానే ఆరింది. విమానం వచ్చి అతన్ని తీసుకుపోయింది. నెరిడా, కోల్ మాత్రం బురదలో చిక్కుకుని ఇంకో రోజు అక్కడే ఉండి, అతని కుక్కకీ కోళ్ళకీ తిండి పెట్టి, ఆ ట్యాంకు బంతి సరిచేసి బయల్దేరారు.

ఇంటికి వెళ్ళేసరికి చదువుగదిలో మాడు వాసన. కంప్యూటరు, మోడెమ్, యూపీఎస్ మూడూ పోయాయి. గోడ మీద ప్లగ్గు చుట్టూ నల్లటి మరక. ఆ రోజు తీగ మీద మిగతా ఇళ్ళన్నీ నా ఫోనుతో పీకేసుకున్నాయి. కాలింది ఆ ఒక్కింట్లోనే. టామ్సిన్ ఏడాది చివర పంపాల్సిన ప్రాజెక్టు దాన్లోనే ఉంది. పిల్ల ఏడ్చింది. నెరిడా ఆమె పక్కన కూర్చుని, నేను పీకి ఉండాల్సింది, పీకలేదు, తప్పు నాదే అని చెప్పి, గుర్తున్నంత మళ్ళీ కాగితం మీద రాయించింది. బడివాళ్ళు దాన్నే తీసుకున్నారు.

నేను ఫోన్లో బాధపడితే, “ఎలాగూ తెర ముడుచుకుపోతోందిలే,” అంది. అంతకు మించి దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అయితే క్లారీ నిచ్చెన ఎక్కడం గురించి మాత్రం చాలా రోజులు ఆమెకు మనసులో పీకుతూనే ఉంది. నేను అడగకపోతే అతను ఎక్కేవాడు కాదు అంది ఒక శుక్రవారం. నువ్వు అడగకపోతే అతను అక్కడ పడున్నాడని ఎవరికి తెలిసేది అన్నాను. రెండూ నిజమే అంది ఆమె, కప్పు కడిగి బోర్లిస్తూ.

ఇళ్ళవాళ్ళు తలా ఒకటి తెచ్చారు. ఒకరు అటక మీద ఉన్న పాత కంప్యూటరు, ఒకరు తెర, ఒకరు మోడెమ్. కోల్ ఎవరికీ చెప్పకుండా ఒక గట్టి చెక్క చెక్కి, చదువుగది గుమ్మం పక్కన, చేతికందే ఎత్తున బిగించాడు. కరెంటు ప్లగ్గు, ఫోను ప్లగ్గు రెండూ పక్కపక్కనే దాని మీదికి తెచ్చాడు. దారిన పోయే ఎవరైనా ఒక్కసారి లాగితే రెండూ ఊడొస్తాయి. ఇదేమిటని అడిగితే, దొడ్డి తలుపుకి గొళ్ళెం అన్నాడు. ఆ తర్వాతి నెలలో వచ్చిన అంగస్ మెత్తబడిన నేలలో కొత్త కడ్డీలు లోతుగా దింపి వెళ్ళాడు.

క్లారీ విరిగిన తుంటి ఎముక అతుక్కుంది గాని, ఒంటరిగా ఎస్టేటులో ఉండే ఓపిక లేకపోయింది. పశువుల్ని కోల్‌కి అప్పగించి, కర్రాబీన్‌లో నా పోస్టాఫీసు పక్కింట్లోకి దిగాడు. నాలుగు గోడల మధ్య ఆకాశం ఏం కనిపిస్తుంది? మొదటి నెలలు పిల్లిలా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, నా మీద విసుక్కుంటూ గడిపాడు. వాతావరణం ఆఫీసువాళ్ళు వాన మబ్బుల బొమ్మలు ఇంటర్నెట్టులో పెడతారని నెరిడా ఎక్కడో విని, ఒక కంప్యూటరు తెచ్చి అతని బల్ల మీద పెట్టింది. నాకొద్దు పొమ్మన్నాడు. ఒక వారం దానికేసి చూడలేదు. ఆ పై వారం నుంచి దాని ముందు నుంచి లేవలేదు. బొమ్మ రావడానికి చాలాసేపు పట్టేది. అతను కుర్చీలో ముందుకు వంగి, పచ్చ మచ్చలు, పసుపు మచ్చలు పడమటి నుంచి ఒక్కో అడుగే జరగడం చూస్తూ కూర్చునేవాడు. మళ్ళీ ఫోన్లు మొదలయ్యాయి.

ఒక రోజు నెరిడా నా దగ్గర ఉండగా వచ్చాడు, చేతికర్ర టకటకమనిపిస్తూ.

“ఒక చిక్కొచ్చి పడింది పిల్లా,” అన్నాడు. “మబ్బు దగ్గరికొచ్చాక ప్లగ్గు పీకాలంటావు. పీకితే మబ్బు కనపడదు. పీకకపోతే కంప్యూటరుండదు. ఎలా చావాలి?”

“దగ్గరికొచ్చాక కిటికీలోంచి చూడు క్లారీ,” అంది నెరిడా.

అతను అదీ నిజమే అని వెళ్ళిపోయాడు.

ఇంకొన్నేళ్ళు బతికాడు. శుక్రవారాలు పబ్బులో కోల్‌తో పేకాడేవాడు, ఇద్దరూ ఒకరినొకరు దొంగాట ఆడుతున్నావని తిట్టుకునేవాళ్ళు. ఒక శీతాకాలం నిద్రలోనే పోయాడు. కుక్కని నెరిడా తీసుకెళ్ళింది.

పిల్లలు పెద్దవాళ్ళై చదువులకి వెళ్ళాక ఆమె ఖాళీగా కూర్చోలేదు. ఏటా బడివాళ్ళు ఎస్టేటు పిల్లల్నీ తల్లుల్నీ ఒక చోట చేర్చి వారం రోజులు కలిపి ఉంచుతారు. కొత్తగా వచ్చిన తల్లులకి కంప్యూటరుని కరెంటు నుంచి ఎలా కాపాడుకోవాలో చెప్పమని ఆమెను పిలిచేవాళ్ళు. ఒకసారి నేనూ వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. యూపీఎస్ గురించీ ఎర్తు గురించీ ఫోను తీగ గురించీ తన మెత్తటి గొంతుతో తాపీగా చెప్పింది. ఒక పిల్ల తల్లి లేచి, ఇవన్నీ చేసినా కాలిపోతే ఏం చెయ్యాలని అడిగింది. రాసిన పని ఇంకోచోట కూడా దాచుకోండి, మిగతాదంతా వట్టి పెట్టే కదా, ఇంకోటి దొరుకుతుంది అని చెప్పింది నెరిడా. ఆ తర్వాత, మీ ఇంటికి పడమటి వైపు ఎవరున్నారో ముందు వెళ్ళి పలకరించి రండి అంది.

ఇప్పుడు వాళ్ళ ఇంటి కప్పు మీద సోలారు పలకలున్నాయి, కొట్టంలో పెద్ద బ్యాటరీలున్నాయి, ఫోను తీగ లేకుండా ఆకాశం నుంచి వస్తోంది. మొన్న శుక్రవారం టపా కోసం వచ్చింది. కోల్‌కి మోకాలు పట్టేస్తోందంది. వాన పడేలా ఉందా అని నేనడిగితే, ఉదయం చూసినప్పుడు ఏమీ లేదంది. టీ తాగి, అతనికి కావాల్సిన ఆయింటుమెంటు నా దగ్గరే కొనుక్కుని, చీకటి పడకముందే బయల్దేరింది.